దారపు ముడుల్లో కొలతలు

లోదుస్తుల గురించి రాయవలసి వస్తుందని నేను ఏనాడూ అనుకోలేదు. సూరత్‌లోని తెలుగు బడిలో లెక్కల ఉపాధ్యాయినిగా పనిచేసి విరమించినదాన్ని. మా తరం ఆడవాళ్ళం ‘బాడీలు’ అన్న మాటను కూడా గొంతు తగ్గించి పలికేవాళ్ళం. అయితే కొలతల విషయంలో నన్ను దిద్దినది వాటిని కుట్టే ఒక కుటుంబమే కనుక రాస్తున్నాను.

నిరుడు నా పాత విద్యార్థిని అమ్రోలిలోని మా ఇంటికి వచ్చింది. ఆమె తల్లి ఊరి అవతలి కొసనున్న బమ్రోలిలో ఒంటిగదిలో మొదలుపెట్టిన కుట్టుపని ఇప్పుడు డబ్బాల్లో దుకాణాలకు వెళ్ళే సరుకయింది. తల్లి పేరే సరుకు పేరు. తల్లి కత్తిరింపు చూస్తుంది, కూతురు వ్యాపారం చూస్తుంది. బట్ట కత్తిరించే కొత్త యంత్రం తెప్పిస్తున్నారు. దానికి సైజుకొక అచ్చు ముందే చేయించాలి. బజారులో అందరూ వాడే అయిదు సైజుల పట్టికను కూతురు తెచ్చింది. తల్లి ఒప్పుకోలేదు.

“మేడం, మమ్మీ నా మాట బిల్‌కుల్ వినదు. మీరంటే భయం. పట్టిక కరెక్టేనని ఒక్కసారి చెప్పండి చాలు,” అంది కూతురు.

పట్టిక చూశాను. వరుసలు తీరుగా ఉన్నాయి. చెబుతానన్నాను.

మరునాడు ఉదయం బమ్రోలి వెళ్ళి సంగతి ఎత్తగానే, తల్లి గోడకున్న మేకు మీది నుంచి ఒక దారాల కట్ట తీసి నా ఒడిలో పెట్టింది. ఎరుపు, పసుపు, నెమలికంఠం రంగు, జరీ కలిసినవి. అన్నిటికీ ముడులు.

“ఏమిటివి?” అన్నాను.

“మా ఆడోళ్ళు, టీచరమ్మా.”

భర్త సాంచెల మీద పనికి – మరమగ్గాలను వాళ్ళు అలాగే అంటారు – ఉత్తర తెలంగాణ నుంచి వచ్చిన కొత్తలో ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్ళు అంటించేది. బజారు బాడీలు చెమటకు ఒరిసి భుజాలు పుండ్లు పడుతుంటే, తనకొకటి నూలుబట్టతో కుట్టుకుంది. పక్కింటామె అడిగింది. తర్వాత వీధి వీధంతా అడిగింది. కానీ ఒంటిగది ఇళ్ళు. రాత్రి పాళీ చేసి పగలు నిద్రపోయే మగవాళ్ళు. టేపుతో కొలిపించుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. అప్పుడామె ఈ పద్ధతి కనిపెట్టింది. స్నానం వేళ సొంత చీర అంచు దారంతో ఎవరికి వారే కొలుచుకోవాలి. పొడుగు దారం మీద రెండు ముడులు: రొమ్ముల కింది చుట్టుకొలతకు ఒకటి, మీది చుట్టుకొలతకు ఒకటి. దానికి కట్టిన రెండు పొట్టి దారాలు కుడి రొమ్ము కప్పుకొకటి, ఎడమ కప్పుకొకటి. కొంగులో దాచి తెచ్చి ఆమె చేతిలో పెట్టి పోవాలి.

“పేర్లు రాసుకోలేదా?”

“పేరు రాస్తె సిగ్గుపడుతరు. ఎవ్వల చీర రంగేందో నాకెరుకే గద. ‘నేను నేసుడు, నువ్వు పోగులు పీకుడు’ అని మా ఆయన నవ్వుతడు.”

కట్టను ఇంటికి తెచ్చి నాలుగు రోజులు స్కేలు పెట్టి కొలిచాను. దారాలను అయిదు వరుసల్లో సర్ది, పట్టిక సరైనదని చూపించాలన్నదే నా ఉద్దేశం. అవి సర్దుకోలేదు. పట్టికలో ఛాతీ చుట్టుకొలత పెరిగినకొద్దీ కప్పు పెరుగుతుంది. దారాల్లో సన్నని ఒళ్ళకు పెద్ద కప్పులున్నాయి, వెడల్పాటి వీపులకు చిన్నవున్నాయి. కుడి ఎడమలు సమానంగా ఉన్నవి బహు కొద్ది. నేనే తప్పు కొలిచానేమోనని మళ్ళీ మొదటినుంచి కొలిచాను. తప్పు లేదు. స్కేలు ముఖం చూడని ఆడవాళ్ళు ఇరుకు స్నానాల గదుల్లో వేసిన ఆ ముడులు నూలుపోగంత తేడాను పట్టుకున్నాయి. వాటి ముందు నేను చాలాసేపు చేతులు కట్టుకుని కూర్చున్నాను.

ఒక ఆకుపచ్చ దారానికి మాత్రం ఒకే పొట్టి దారం ఉంది. అసంపూర్ణమని పక్కన పెట్టి, తిరిగి వెళ్ళినప్పుడు తల్లికి చూపించాను.

“తప్పు గాదు టీచరమ్మా. ఆమెకు ఒక దిక్కు ఆపరేషన్ చేసి తీసేసిండ్రు. ఆ దిక్కు దూది పెట్టి కుట్టిన. మంచిగ పనికి పోతున్నది.”

ఆ దారాన్ని రెండు చేతులతో ఆమెకు అందించాను.

తర్వాత కూతురి ముందు, ఆ దారాలన్నీ ఇమిడేలా నేను తయారుచేసిన పట్టిక పెట్టాను. పదకొండు వరుసలు.

“పదకొండా! మేడం, నేను మిమ్మల్ని పిలిచింది మమ్మీ పార్టీలో చేరమనా?”

“నేను లెక్క చెబుతున్నాను.”

“దుకాణం వాళ్ళు నవ్వుతారు. వాళ్ళ అరల్లో అయిదింటికే జాగా ఉంది.”

తల్లి కత్తెర కింద పెట్టింది. “అయిదే చేస్తె గీ కట్టల సగం మంది మళ్ళ బజారుదే ఏసుకొని భుజాలు కోసుకుంటరు. నీ ఇష్టం బిడ్డా. డబ్బా మీద నా పేరు తీసెయ్యి, చేసుకో.”

కూతురు నా పట్టిక మీద వేలు పెట్టి కిందికి దిగుతూ చదివింది. తొమ్మిదో వరుస దగ్గర వేలు ఆగింది.

“ఇది నా కొలత. ఆ అయిదింట్లో లేదు.”

“మరి ఇన్నేండ్లు నీకు ఎవలు కుడుతున్నరనుకున్నవు, మహారాణీ?” అంది తల్లి.

కూతురు నా ఎదుటే యంత్రం వాళ్ళకు ఫోన్ చేసి, పదకొండు అచ్చులు కావాలని గుజరాతీలో చెప్పింది. అవతలి మనిషి సరిగా వినలేదో, నమ్మలేదో. ఆమె గొంతు పెంచకుండా ఆ సంఖ్యనే మరొకసారి చెప్పింది: “అగియార్.”