చేతికి చుట్టిన గాలం తాడు

మా ఊరు కల్వకుర్తికి పడమర. రేగడి తక్కువ, దుబ్బ నేల ఎక్కువ. వాన పడితే జొన్న, పడకపోతే గొర్రెలు. అలాంటి ఊళ్లో పుట్టిన మా ఆయనకు చేపల పిచ్చి ఎందుకు పట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. మా దిక్కున చేపలంటే ఎండాకాలం చివర కుంట అడుగంటినప్పుడు ఊరంతా దిగి గంపలతో పట్టుకునేవే. మోకాటి లోతు బురద. అది ఆయనకు ఆనేది కాదు. ఆయనకు లోతు కావాలి.

కల్లం పనులు ముగిశాక ఏటా ఒకసారి కృష్ణకు పోయేవాడు. కొల్లాపురం దాకా బస్సు. అక్కడి నుంచి బండి దొరికితే బండి, లేకపోతే నడక. ఎండలకు నది సన్నబడుతుంది గానీ బండల నడుమ మడుగులు ఎండవు. వాటి లోతు ఎంతో అక్కడి బెస్తవాళ్లు కూడా చెప్పరు. పెద్ద చేపలన్నీ ఆ చీకట్లో చేరి ఉంటాయి. ఆయన పట్టేది అమ్ముకోవడానికి కాదు, తినడానికీ కాదు. ఒక్క చేపకు ఉప్పు పట్టించి ఇంటికి తెచ్చేవాడు. మిగిలినవి పుట్టి నడిపే ముసలాయనకే వదిలి వచ్చేవాడు.

ఇంట్లో ఆయనకు మాట తక్కువ. మాకు పిల్లలు లేరు. నది నుంచి వచ్చాక మాత్రం కొన్నాళ్లు నోరు విప్పేవాడు. తాడు ఎట్లా అదిరిందో, కనబడని చేప ఏ పక్కకు తిరిగిందో అరచేతికి ఎట్లా తెలిసిందో అన్నం ముందు పెట్టుకొని చెప్పేవాడు. అన్నం చల్లారేది. అందుకే ఆ పిచ్చిని నేను ఎన్నడూ వద్దనలేదు. అది పోతే ఆయనలో మాట్లాడే మనిషి కూడా పోతాడని భయం.

యాభై తొమ్మిది వైశాఖంలో నేనూ వెంట పోయాను. యాభై ఎనిమిది అని మా మరిది అంటాడు. తప్పు. మా ఎర్ర కోడె దొడ్లోకి వచ్చిన ఏడు అది. పసుల వయసు పళ్లే చెబుతాయి; దానికి అప్పటికి రెండే పళ్లు.

“గా నదికి ఈసారి నన్ను గూడ తోల్కపో,” అన్నాను.

“నువ్వొచ్చి ఏం జేస్తవే? ఆడ ఎండ, బండలు.”

“రొట్టెలు జేస్త. గన్ని ముచ్చట్లు జెప్తవు గద, జర కండ్లతోటి చూస్త.”

చూశాను. వెదురుతో అల్లి తోలు కప్పిన పెద్ద గంప లాంటిది పుట్టి. అందులో మా ఆయన, ముసలాయన ఎదురెదురుగా కూర్చున్నారు. నేను ఒడ్డున మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేశాను. వాళ్ల మాటలు నీళ్ల మీది నుంచి స్పష్టంగా వినిపించేవి.

అక్కడి పద్ధతి ఒకటి ఉంది. గాలం తాడు కొసను ఎండిన సొరకాయ బుర్రకు కడతారు. పెద్ద చేప తగిలితే బుర్రను నీళ్లలోకి విసిరేస్తారు. చేప దాన్ని ఈడ్చుకొని తిరిగి తిరిగి అలసిపోతుంది. అప్పుడు పుట్టి వేసుకొని పోయి, తాడు అందుకొని, మెల్లగా లాగుతారు.

మా పద్ధతి వేరు. మా ఊళ్లో పసులను నీళ్లకు తోలుకపోయేటప్పుడు పగ్గాన్ని చేతికి రెండు చుట్లు చుట్టుకుంటారు. ఎద్దు గుంజితే మనిషి దాని వెంట పోవాలి గానీ పగ్గం జారకూడదు. జారిందంటే ఏడాదంతా నవ్వుతారు. నడక వచ్చిన నాటి నుంచి ఆయన చెయ్యి నేర్చుకున్నది అదే. గాలం తాడును కూడా అట్లాగే చుట్టుకున్నాడు.

“బుర్రకు గట్టు పటేలా,” అన్నాడు ముసలాయన.

“బుర్రకు గట్టి ఇడిస్తే చేపను నేను పట్టినట్టా, బుర్ర పట్టినట్టా?”

“ఎవలు పడితేంది? కూరల ముల్లు గట్లనే ఉంటది.”

మా ఆయన నవ్వాడు. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆయన అట్లా తల వెనక్కి వేసి నవ్వడం నేను చూడలేదు. పిండి చేతులతోనే కాసేపు అటు చూస్తూ ఉండిపోయాను. రొట్టె మాడింది.

చేప తగిలింది. ఆయన భుజం ఒక్కసారి ముందుకు పోయింది. పుట్టిలో నిలబడకూడదు. ఆయన నిలబడ్డాడు, కోడె గుంజినప్పుడు కాళ్లు తన్నిపట్టి నిలబడ్డట్టు. కాళ్ల కింద నేల ఉంటే ఆ నిలబడడం సరిపోయేది. చేప పుట్టి కిందికి మళ్లింది. చెయ్యి నీళ్లలోకి పోయింది, పుట్టి అంచు వంగింది.

“ఇడువు పటేలా, ఇడువు,” అన్నాడు ముసలాయన.

వదలాలనుకున్నా అప్పటికే చుట్లు బిగిశాయి. పుట్టి బోర్లాపడింది.

ఆయనకు ఈత వచ్చు. బావిలో నేర్చిన ఈత. బావిలో ఎటు చెయ్యి చాపినా గోడ దొరుకుతుంది. మడుగులో ఆయన చేతికి ఏమీ దొరకలేదు. రెండుసార్లు తల కనబడింది, తరువాత కనబడలేదు. నాకు ఈత రాదు. నడుములోతు దాకా దిగి ఆగిపోయాను. ముసలాయన మొలలో కత్తి ఉండేది. మునిగి, తాడు కోసి, జుట్టు పట్టి పైకి తెచ్చాడు. ఒడ్డున పడుకోబెట్టి నీళ్లు కక్కించాడు. అప్పుడు గానీ చెయ్యి చూడలేదు మేము. తాడు ఎముక దాకా దిగి ఉంది.

పాలమూరు దవాఖానకు చేరేసరికి మూడో రోజైంది. కాంపౌండరుకు ఇట్లాంటి చేతులు కొత్త కాదు.

“ఏ ఎద్దు గుంజింది పటేలా?”

“నీళ్లల్ల ఎద్దు,” అన్నాడు మా ఆయన.

మళ్లీ ఆయన నోట హాస్యం నేను వినలేదు. ఉంగరపు వేలు, చిటికెన వేలు తీసేశారు. మిగిలిన వేళ్లు సగమే ముడుచుకునేవి.

ఆ చేప పదిహేను శేర్లని ఊళ్లో చెప్పుకున్నారు. కొందరు ఇరవై అన్నారు. చేపను ఎవరూ చూడలేదు. చూడనిదాన్ని ఎట్లా తూస్తారని అడిగితే నాకు కోపమెక్కువన్నారు.

మృగశిర వచ్చింది. నాగలి మేడి ఆయన చేతికి నిలవలేదు. మా మరిది దున్నిపెట్టాడు. ఆయన గట్టున కూర్చొని చూశాడు. మరుసటి ఎండాకాలం కల్లం ముగిశాక నేనే అడిగాను.

“నదికి పోయిరారాదు? ఊకె ఒడ్డున గూసోని రా.”

“ఏం పని?” అన్నాడు. అంతే. అన్నం వేడివేడిగా తిని లేచేవాడు ఇప్పుడు.

ఆ యేడే ఒక సాయంత్రం ఎర్ర కోడెను నీళ్లకు తోలుకపోయి ఒక్కడే తిరిగి వచ్చాడు. కోడెకు అప్పటికి నాలుగు పళ్లు, మంచి బలం మీద ఉంది.

“కోడేది?” అన్నాను.

“గుంజింది. ఇడిసిన.”

కుంట కాడ నలుగురు చూసి నవ్వారట. ఆయన అరుగు మీద కూర్చొని తన చెయ్యిని ఒళ్లో పెట్టుకున్నాడు. పొద్దు ఇంకా ఉంది. నేను పోయి వెతికాను. పక్కవాళ్ల చేనిలో చొప్ప మేస్తూ దొరికింది. పగ్గం అందుకొని అదిలించుకుంటూ ఇంటికి తెచ్చాను.

వాకిట్లోకి రాగానే ఆయన లేచి నిలబడ్డాడు. కోడెను చూడలేదు. పగ్గం పట్టుకున్న నా చేతిని చూశాడు. చుట్లు లేవు. తాడును ఊరికే వేళ్ల మధ్య పట్టుకొని ఉన్నాను. అది చూసి మళ్లీ కూర్చున్నాడు.