జలగండం, పదిహేడో ఎక్కం

అమెరికా వచ్చిన కొత్తలో, పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్లలో ఉండే బ్రహ్మచారులందరికీ ముప్పై ఏళ్ల లోపు చేసి తీరవలసిన పని ఒకటి ఉండేది. ఆ గడువు ఎవరు పెట్టారో తెలియదు గానీ, ముప్పై దాటితే లోకం తలుపులు మూసేస్తుందన్నంత ఆత్రంగా ఉండేవాళ్లం. నాతో గది పంచుకున్న గుంటూరు (అతని ఊరే అతని పేరైపోయింది) ముప్పై లోపు పెళ్లి చేసుకోవాలనుకున్నాడు. పక్క గదిలోని వరంగల్ పైకప్పు తెరుచుకునే ఎర్ర కారు కొనాలనుకున్నాడు. రెండూ నలుగురిలో చెప్పుకోదగ్గ కోరికలే. నాది చెప్పుకోవాలంటే సిగ్గు. నేను ఈత నేర్చుకోవాలి. అంటే నీళ్లలో కాళ్లు ఆడించడం కాదు, మా అపార్ట్‌మెంట్ల స్విమ్మింగ్ పూల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు ఎక్కడా కాలు ఆనించకుండా దాటాలి. ముప్పై నిండాక దాటితే చెల్లదు. ఎందుకు చెల్లదో చెప్పాలంటే నా జాతకం విప్పాలి.

నాకు జలగండం ఉందనీ, ముప్పై ఏళ్లు నిండేదాకా నీళ్లలో దిగకూడదని ఎవరో సిద్ధాంతి చెప్పాడనీ నా ఐదారేళ్ల వయసు నుంచీ మా ఇంట్లో అందరికీ తెలిసిన విషయమే. మా ఊరి పక్కనే కాలువ. వేసవి సెలవుల్లో నా ఈడు పిల్లలు వంతెన మీద నుంచి దూకుతుంటే నేను గట్టున కూర్చుని వాళ్ల చొక్కాలకు కాపలా కాసేవాణ్ణి. ఊరికే కూర్చోలేక ఎవడు ఎన్నిసార్లు దూకాడో లెక్కపెట్టేవాణ్ణి. నేను లెక్కల మనిషినయ్యానంటే ఆ గట్టు పుణ్యమే. బడిలో అందరితో ఎక్కాలు వల్లించడం తప్ప ట్యూషన్ లేదు, విడిగా చెప్పే మాస్టారు లేడు. కూడికలు, భిన్నాలు, వడ్డీలు అన్నీ నాకు నేనే, పెదవులు కదుపుతూ గొణుక్కుంటూ నేర్చుకున్నాను. (పెదవులు కదపకుండా పది దాకా కూడా లెక్కపెట్టలేను. ఈ రోజుకీ ఆఫీసులో మీటింగ్ మధ్యలో నేను గొణుగుతుంటే కొత్తవాళ్లు జపం అనుకుంటారు.)

అమెరికా వచ్చి, కిటికీలోంచి పూల్ కనిపించే ఇంట్లో పడ్డాక నా బుర్రలో ఒక ఆలోచన తొలచడం మొదలుపెట్టింది. ముప్పై నిండితే గండం ఎలాగూ తీరిపోతుంది. ఆ తర్వాత ఈదితే అందులో రుజువేముంది? గండం ఉండగానే నీళ్లు దాటాలి, అప్పుడే సిద్ధాంతి లెక్క తప్పని తేలుతుంది. నా చిన్నతనమంతా నన్ను గట్టు మీద కూర్చోబెట్టిన లెక్క అది, సరిచూడకుండా ఎలా వదిలేది? మనసులో ఓ మూల ఇంకో మాట కూడా ఉండేది. ఒకవేళ ఆయన లెక్కే సరైనదైతే? ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

జూన్‌లో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి బల్ల మీద కేక్ ఉంది. ముప్పై నిండిందని శుభాకాంక్షలు. నేను కొవ్వొత్తి ఊదనన్నాను. అది బడిలో చేర్చేటప్పుడు హెడ్మాస్టరు వేసిన తేదీ, అసలు పుట్టినరోజు సెప్టెంబర్ చివర్లో వస్తుందని చెప్పాను.

"మాస్టారూ, పాస్‌పోర్ట్‌లో జూన్ ఉంది, వీసాలో జూన్ ఉంది. అమెరికా గవర్నమెంట్ ఒప్పుకుంది. మీరొక్కరే ఒప్పుకోరా?" అన్నాడు గుంటూరు.

"జాతకం పాస్‌పోర్ట్ చూసి రాయరు కదా."

"అయితే కేక్ ఫ్రిజ్‌ల పెట్టి సెప్టెంబర్‌ల తిందాం తియ్యన్నా," అన్నాడు వరంగల్, అప్పటికే ఒక ముక్క నోట్లో పెట్టుకుని.

జాతకం మాట వచ్చింది కాబట్టి సంగతంతా చెప్పేశాను. గుంటూరు చెంచా కింద పెట్టేశాడు. "జలగండం పెట్టుకుని పూల్‌లోకి వెళ్తారా? కాస్త ఆగండి మాస్టారూ. నాకు సంబంధాలు చూస్తున్నారు. రూమ్మేట్ మునిగిపోయాడని తెలిస్తే నాకు పిల్లనెవరిస్తారు?"

"ఏం గాదన్నా, నువ్వు నేర్చుకో," అన్నాడు వరంగల్. "మన పూల్ ఎంతుంటది? గండం వచ్చినా దానికి నిలబడనీకె జాగా ఉండదు."

సెప్టెంబర్ చివరిదాకా గడువు ఉందని నేను సంతోషించాను. కానీ సెప్టెంబర్ మొదట్లో లేబర్ డే సెలవు సాయంత్రం పూల్ మూసేసి పైన ఆకుపచ్చ పట్టా కప్పేస్తారని ఆఫీసు గది తలుపు మీద అంటించి ఉంది. సిద్ధాంతి ఇచ్చిన గడువులో అపార్ట్‌మెంట్ మేనేజర్ కోత పెట్టేశాడు.

ఏదైనా సొంతంగా నేర్చుకోవడం నా పద్ధతి కాబట్టి లైబ్రరీ నుంచి బొమ్మల పుస్తకం తెచ్చుకుని మొదట హాల్లో కార్పెట్ మీద సాధన చేశాను. బోర్లా పడుకుని చేతులు తిప్పుతుంటే వరంగల్ వచ్చి నిలబడ్డాడు.

"ఏమన్న పడిపోయిందా అన్నా, దేవులాడుతున్నవ్?"

"ఈదుతున్నాను."

అతను నన్ను చూశాడు, గోడను చూశాడు. "మరి పొద్దటి సంది సోఫా కాడనే ఉన్నవ్ గదన్నా."

పూల్‌లో పరిస్థితి వేరు. శనివారం, ఆదివారం అక్కడ నడుము లోతు నీళ్లలో టీషర్టులతో మగవాళ్లు గుంపుగా నిలబడి గ్రీన్‌కార్డ్ గురించి మాట్లాడుకునేవారు. ఎవరూ ఈదరు, ఎవరూ మునగరు. ఎవరి ఫైల్ ఎక్కడ ఆగింది, ఎవరి లాయర్ ఏమన్నాడు, ఇదే. చల్లటి నీళ్లలో నిలబడి చెప్పుకుంటే కష్టం కాస్త తేలికవుతుందేమో. ఎత్తు కుర్చీలో లైఫ్‌గార్డ్ కూర్చునేవాడు. తూర్పు యూరప్ నుంచి వేసవి ఉద్యోగానికి వచ్చిన కాలేజీ కుర్రాడు, పూల్ మూశాక వాళ్ల దేశానికి వెళ్లిపోతాడు. మునిగేవాళ్లు లేకపోవడంతో అతనికి పని లేదు. ఆ వేసవిలో అతను విజిల్ ఊదినప్పుడల్లా కారణం నేనే.

నా లెక్క ప్రకారం పూల్ పొడవుకు ఎన్నిసార్లు చేతులు వేయాలో ముందే తేల్చుకున్నాను. వేసిన ప్రతి చెయ్యికీ ఒక అంకె లెక్కపెట్టుకుంటే, ఎంత వచ్చానో ఎంత మిగిలిందో తెలుస్తుంది, భయం తగ్గుతుంది. ఇంతవరకు తర్కం బాగానే ఉంది. కానీ నేను పెదవులు కదపకుండా లెక్కపెట్టలేను కదా. ఒకటి, రెండు, మూడు అంటే నోరు పెద్దగా తెరుచుకోదు, ఏదో సర్దుకుపోవచ్చు. నాలుగుకు ఓ గుక్కెడు. ఐదు అనేసరికి నోరు పూర్తిగా తెరుచుకుని పూల్ సగం లోపలికి వచ్చేది. దగ్గుతూ లేచి నిలబడేవాణ్ణి. విజిల్ మోగేది. గ్రీన్‌కార్డ్ గుంపు ఓసారి ఇటు తిరిగి, మళ్లీ లాయర్ దగ్గరికి వెళ్లిపోయేది. జూలై అంతా ఇలాగే గడిచింది. నేను ఐదు దాటలేదు.

ఆగస్టులో ఒక రోజు లైఫ్‌గార్డ్ కుర్చీ దిగి వచ్చాడు. అతని ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ అప్పట్లో ఒకే మెట్టు మీద ఉండేవి కాబట్టి మాకు ఒకరి మాట ఒకరికి బాగా అర్థమయ్యేది.

"యూ, వాటర్‌లో ఎవరితో టాక్?" అన్నట్టుగా ఏదో అడిగాడు.

"నో టాక్. ఐ కౌంట్."

అతను "వై?" అన్నాడు.

ఎందుకు లెక్కపెడుతున్నావని అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. తప్పెక్కడ వచ్చిందని అడిగారు, ఎంత వచ్చిందని అడిగారు. ఎందుకని మాత్రం ఎవరూ అడగలేదు. "నో కౌంట్," అన్నాడతను. నోరు మూసి, ముక్కుతో తుమ్మెదలా ఒక పాట తీసి చూపించాడు. అలా చేస్తే నోరు తెరుచుకోదు, ఊపిరి దానంతటదే ముక్కులోంచి బయటికి పోతుంది, నీళ్లు లోపలికి రావు. ఏ పాటైనా సరే అన్నాడు.

చిక్కేమిటంటే నాకు ఏ పాటా రాదు. పుట్టి బుద్ధెరిగాక నాకు పట్టుబడిన రాగం ఒక్కటే, బడిలో అందరం కలిసి ఎక్కాలు చదివే రాగం. సరే అదే తీశాను. నోరు మూసుకుని, లోపల పన్నెండో ఎక్కం నడుపుతూ చేతులు వేశాను. ఆ రోజు పూల్‌లో సగం దూరం వెళ్లాను. గట్టు మీద నుంచి గుంటూరు, "మాస్టారూ, మోటారు బోటులా చప్పుడు చేస్తున్నారు," అన్నాడు. అతను నవ్వుతున్నాడో భయపడుతున్నాడో తెలియలేదు.

ఇంకో సగం మిగిలింది, అది లోతు వైపు. అక్కడ కాలు అందదు. అక్కడికి వెళ్లేసరికి సిద్ధాంతి గుర్తొచ్చేవాడు. నేను ఆయన్ని చూడలేదు గానీ, పిలకా విభూతిరేఖలూ పెట్టి నా ఊహలో ఒక రూపం తయారైంది. తాడు కట్టిన హద్దు దాటగానే ఆయన అడుగున కూర్చుని పంచాంగం విప్పినట్టు ఉండేది. వెనక్కి తిరిగి వచ్చేసేవాణ్ణి. చూస్తుండగానే లేబర్ డే వచ్చింది.

ఆఖరి రోజు కావడంతో అపార్ట్‌మెంట్ల వాళ్లంతా అక్కడే ఉన్నారు. గ్రిల్ మీద మొక్కజొన్న పొత్తులు కాలుతున్నాయి. గుంటూరు పొద్దున్నే గుడికి వెళ్లి తెచ్చిన కుంకుమ నా నుదుట పెట్టాడు. "నేను వద్దన్నాననే మాట గుర్తుంచుకోండి," అన్నాడు. వరంగల్ గోడకు తగిలించి ఉన్న కొక్కెం కర్ర తీసుకుని గట్టు మీద నాకు తోడుగా నడవడానికి సిద్ధమయ్యాడు. అది మునిగేవాళ్లను లాగే కర్ర.

"ఆగం గాకన్నా. అట్లేమన్న అయితే మెడల ఏసి గుంజుత."

"మెడలో వేస్తే చచ్చిపోతాను."

"సరే, చంకల ఏస్త. నువ్వైతే దుంకు."

గ్రీన్‌కార్డ్ గుంపు మాట ఆపి పక్కకు జరిగి దారి ఇచ్చింది. లైఫ్‌గార్డ్ విజిల్ నోట్లో పెట్టుకుని లేచి నిలబడ్డాడు. నేను దిగాను. మొదటి చెయ్యి వేయగానే కుంకుమ కరిగిపోయింది. ధైర్యానికి కాస్త కష్టమైనది ఉండాలని పదిహేడో ఎక్కం ఎత్తుకున్నాను. పదిహేడొకట్ల పదిహేడు, పదిహేడు రెళ్లు ముప్పై నాలుగు, పదిహేడు మూళ్లు యాభై ఒకటి. తాడు దాటాను. సిద్ధాంతి అడుగునే ఉన్నాడు. పదిహేడు ఆర్లు అనుకున్నాను. ఎంతో గుర్తుకు రాలేదు. నా జీవితంలో ఎక్కంలో తప్పిపోవడం అదే మొదటిసారి. పక్కన వరంగల్ కర్ర నీడ నీళ్ల మీద కదులుతోంది, ఎవరో ఏదో అరుస్తున్నారు, నేను పదిహేడు ఆర్లు ఎంతా అని వెతుక్కుంటున్నాను. సిద్ధాంతిని పట్టించుకునే తీరిక లేదు. చేతికి గట్టిగా ఏదో తగిలింది. కొక్కెం కర్ర అనుకుని విదిలించుకున్నాను. గోడ.

పైకి లాగి కూర్చోబెట్టారు. గ్రీన్‌కార్డ్ గుంపులో పెద్దాయన వచ్చి నా వీపు తట్టి, "నీది క్లియర్ అయిపోయిందయ్యా. మా ఫైలే కదలడం లేదు," అన్నారు.

"ఎన్ని చేతులు ఏసినవన్నా?" అన్నాడు వరంగల్.

"తెలీదు. లెక్కపెట్టలేదు."

గుంటూరు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "మాస్టారికి గండం తగిలినట్టే ఉంది," అన్నాడు.

ఒళ్లు ఆరకముందే పైకి పరుగెత్తి, కాలింగ్ కార్డ్ నంబర్లన్నీ నొక్కి మా అక్కకు ఫోన్ చేశాను. నాకన్నా ఏడేళ్లు పెద్దది, నన్ను సగం పెంచింది ఆవిడే. అక్కడ రాత్రి భోజనాల వేళ.

"అక్కా, ఈదాను. ఆ చివరిదాకా. ముప్పై నిండకముందే. ఆ సిద్ధాంతి లెక్క తప్పు."

"ఏ సిద్ధాంతిరా?"

"నా జలగండం సిద్ధాంతి."

అవతల నుంచి నవ్వు వినపడింది. చాలాసేపు నవ్వింది.

"ఒరేయ్ చిన్నోడా, నీకు ఇంకా గుర్తుందా అది? సిద్ధాంతి లేడు, ఎవడూ లేడు. ఎండాకాలమంతా అమ్మ నిన్ను నా మెడకు తగిలించేది. నువ్వేమో కాలువ కాలువ అంటూ ఉరికేవాడివి. నీ వెనక పరిగెత్తలేక నేనే చెప్పాను."

"మరి అమ్మ? నాయనమ్మ?"

"నువ్వే ఏడ్చుకుంటూ పోయి అమ్మకు చెప్పావు. అమ్మ నాయనమ్మకు చెప్పింది. మర్నాటికి నాయనమ్మ నీ పేరున దీపం పెట్టింది. ఇంక నేను నిజం చెబితే తన్నులే కదా, ఊరుకున్నాను. తర్వాత నేనే మర్చిపోయాను."

ఎన్ని వేసవులు గట్టు మీద కూర్చున్నానో గుర్తొచ్చి నాకు నిజంగానే కోపం వచ్చింది. "సరే, ముప్పై ఎందుకు? పదో పన్నెండో అని ఉంటే నీ సొమ్మేం పోయింది?"

"గండం ఉందంటే నువ్వు వినలేదురా. ఎన్నేళ్లదాకా అని అడిగావు. అంకె చెప్పందే నువ్వు కదలవు కదా. నాకప్పుడు పన్నెండేళ్లు. ముప్పై అంటే మనిషి ముసలాడైపోతాడు, ఇంక నీళ్లలో దూకే సరదా ఉండదనుకున్నాను." మళ్లీ నవ్వింది. "తల తుడుచుకున్నావా?"

తుడుచుకోలేదు. నీళ్లు కారుతూ కార్పెట్ తడిసిపోతోంది.

ఇప్పుడు యాభై దగ్గరకు వచ్చాను. మా ఆఫీసులో ముప్పైకి చేరువైన కుర్రవాళ్లు మధ్యాహ్నం కాఫీ దగ్గర, వయసైపోతోందనీ, అనుకున్నవేవీ చేయలేకపోయామనీ దిగులుపడుతుంటారు. నేను ఏమీ అనను, వాళ్లకు ఇంకో కాఫీ పోసిస్తాను. ఆ వేళ తడి తలతో ఫోన్ చెవికి ఆనించుకుని, అక్కను తిట్టాలో, ఆవిడతో కలిసి నవ్వాలో తేల్చుకోలేక నిలబడ్డవాడు తలపుకు వస్తాడు. ముప్పై నిండబోతోందని ఎంత హడావిడి పడ్డాడో. నిజానికి ఇంకా చిన్నపిల్లవాడు.