కోటకొమ్మ అంచు ఆకుపచ్చ చీర

భీమయ్యకు జనమంటే గిట్టదు. గద్వాలలో మగ్గం ముందు కూర్చున్నంతసేపూ అంత నెమ్మదస్తుడు లేడు. నలుగురు గుమిగూడితే చాలు, కోపం ముక్కు మీదే ఉంటుంది. అలాంటి మనిషి సద్దుల బతుకమ్మ సాయంత్రం వనపర్తిలో, కిక్కిరిసిన ఆడవాళ్ల మధ్య, అక్క కోసం వెతుకుతూ తిరుగుతున్నాడు.

అక్క లక్ష్మీదేవమ్మకు మతిమరుపు. ఒక్కోసారి తన పేరే గుర్తుండదు. బతుకమ్మ చూస్తానని మారాం చేస్తే భీమయ్య ఇక్కడున్న తన కూతురింటికి తీసుకొచ్చాడు. పుట్నాలు కొనడానికి ఆమె చెయ్యి వదిలాడు, అంతే, జనంలో కలిసిపోయింది. మైదానం దాటితే చెరువు. బతుకమ్మలన్నీ అటే కదులుతున్నాయి. భీమయ్య మైకు మోగుతున్న పందిరి వైపు పరుగెత్తాడు.

పందిట్లో మైకు పట్టుకున్న నిరంజన్ అడిగాడు. "మనిషి ఎట్లుంటది పెద్దయ్యా?"

"ఆకుపచ్చ నూలు చీర. ఎర్ర పట్టంచు. అంచుకు కోటకొమ్మ, కోటగోడ మీది కొమ్మల్లెక్క వరస."

"చీర గాదే, మనిషి! పొడుగా, పొట్టా?"

 ఆ చీర భీమయ్య తన చేత్తో నేసిందే, ప్రతి పోగూ కళ్ల ముందుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న ముఖం మాత్రం మాటల్లోకి రాలేదు. "కోటకొమ్మ అనే చెప్పు బిడ్డా. జర జల్ది."

నిరంజన్ అలాగే చెప్పాడు. కాసేపటికి పందిరి ముందు ఆకుపచ్చ చీరలు బారులు తీరాయి. మహిళా సంఘం వాళ్లంతా పండక్కి ఒకే రకం కొనుక్కున్నారట, ఆకుపచ్చ మీద ఎర్ర అంచు, కోటకొమ్మ.

"మామా, తప్పిపోయింది నేనే, తోల్కపో," అంది సంఘం లీడరు సౌందర్య. పందిరంతా గొల్లుమంది.

భీమయ్యకు ఒళ్లు మండింది. "మగ్గం చీరంటే ఏందో తెల్వదు మీకు! ఇవన్నీ మిషన్‌వి!"

"అయ్యో, పండగపూట మమ్మల్ని నకిలీ అంటుండు సూడుండ్రే!"

మళ్లీ నవ్వులు. భీమయ్య పెదవులు కూడా కదిలాయి, కానీ వెంటనే చెరువు వైపు చెయ్యి చూపాడు. "మా అక్కకు పేరు గుడ యాదికుండదమ్మా. గక్కడ చెరువుంది."

నవ్వులు ఆగిపోయాయి. సౌందర్య కొంగు నడుముకు బిగించింది. "అసలు, నకిలీ తర్వాత తేల్చుకుందాం. సగం మంది కట్ట మీదికి పోండ్రి, నీళ్ల కాడికి ఎవర్నీ రానియ్యకుండ్రి. మామా, నువ్వు నా ఎంబడి రా."

ఆకుపచ్చ చీరలు జనంలోకి చీలిపోయాయి. ఎవరెవరో ముసలమ్మల గడ్డాలు పట్టుకుని పేర్లు అడుగుతున్నారు. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లు తన అక్కను "అక్కా, అక్కా" అని కేకలేస్తుంటే భీమయ్యకు ఏడుపు ఆగలేదు. ఇంతమంది ఉన్నారన్న ధైర్యం ఒకపక్క, నీళ్ల భయం ఒకపక్క.

కట్ట కింద ఒక వలయంలో కనిపించింది లక్ష్మీదేవమ్మ. చప్పట్లు కొడుతూ తానే పాట అందుకుంటోంది, చుట్టూ ఉన్నవాళ్లు వంత పలుకుతున్నారు. ఒక్క మాటా తడబడలేదు.

భీమయ్య పరుగున వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. ఆమె పాట ఆపి, తడిసిన అతని ముఖంలోకి చూసింది.

"ఎవల కోసం ఎతుకుతున్నవు నాయనా?"

సౌందర్య ఏదో చెప్పబోయింది. భీమయ్య వద్దన్నట్టు తలూపాడు.

"మా అక్క కోసం."

"ఏడ్వకు, వస్తది," అంటూ ఆమె అతని కళ్లు కొంగుతో తుడిచింది. "గప్పటిదాంక నా చెయ్యి ఇడ్వకు."