తలనొప్పి మీద నేను రాసిన ఛార్జిషీటు

నేను వాదనల ఓడిపోవుడు ఆర్మూర్ పక్కన మా పెర్కిట్‌ల ఎవరూ చూడలేదు. బస్సు కండక్టరు చూడలేదు, మా బడి హెడ్మాస్టరు చూడలేదు. మా ఆయన రాజన్న పెండ్లయిన కాడి నుంచి ఆశగ ఎదురు చూస్తున్నడు గాని, ఆయన గూడ చూడలేదు. అసొంటి నేను ఒక్కసారి చిత్తుగ ఓడిపోయిన. ఎవరి చేతులనో కాదు, నా చేతులనే. నేను కొన్న నోటుబుక్కు, నేను స్కేలు పెట్టి కొట్టిన గీతలు, నేను గుండ్రంగ రాసిన అక్షరాలు, అన్నీ ఒక్కటై డాక్టరమ్మ ముందట నా పరువును ఎండిన పసుపుకొమ్ము విరిచినట్టు ఫట్టుమని విరిచినయి. ఎవరు తవ్విన గోతుల వాళ్లే పడుతరంటరు. గోతికి మార్జిన్లు గూడ కొట్టుకొని పడ్డదాన్ని మీరింక చూసి ఉండరు. చూడుండ్రి.

ఐదారేండ్ల కిందటి ముచ్చట. నాకు తలనొప్పి ఉండేది. "తలనొప్పి ఎవరికి లేదమ్మా?" అనేటోళ్లకు ముందుగాలనే ఒక దండం. మీది తలనొప్పి. నాది, తలకాయల ఎడమ దిక్కు ఎవరో పసుపుకొమ్ములు పాలిషు పట్టే డ్రమ్ము పెట్టి తిప్పుడు. ముందు కండ్ల ముంగట వంకర టింకర మెరుపులు వచ్చేటియి, ఒక పావుగంట. అవి పోంగనే ఎడమ కణత కాడ దరువు మొదలు. కిటికీల నుంచి వచ్చే వెలుతురు సూదుల్లెక్క గుచ్చేది. పక్కింటోళ్లు పోపు పెడితే నాకు వాంతి. చీకటి అర్రల తలకు చున్నీ బిగించుకొని, సాయంత్రం దాకా నోరు మెదపకుండ పండుకునేదాన్ని. నేను నోరు మెదపని గంటలు అవే కాబట్టి, ఆ నొప్పి మీద మా ఆయనకు అంత పగ లేకుండెనని నా అనుమానం.

చెయ్యని వైద్యం లేదు. కండ్లద్దాలు రెండుసార్లు మార్పిచ్చిన. నుదిటికి శొంఠి పట్టేసుకొని బడికి పోతే పిల్లలు "టీచర్, మీకు దెబ్బ తాకిందా?" అని అడిగిండ్రు. ఆఖరికి మెడికల్ షాపు యూసుఫ్ భాయే నా పెద్ద డాక్టరు.

"భాయ్, ఇంకో గోలీల పట్టీ ఇయ్యు."

"బాజీ, మొన్ననే తీస్కపోయిండ్రు గద. గిట్ల రోజు గోలీలు నక్కో బాజీ. జర పెద్ద దవాఖానల చూపించుకోండ్రి."

"నువ్వు గోలీలు అమ్మేటోనివా, ఆపేటోనివా?"

"అమ్మేటోన్నే. అందుకే ఫికర్ అయితుంది."

ఆయన మాట మంచిదే. కాని మంచి మాట వినుటానికి నేను డిగ్రీ చదువలేదు, వాదించుటానికి చదివిన. పట్టీ తీసుకొని వచ్చిన.

ఇగ ఇక్కడ మా ఆడబిడ్డ గంగమణి వదినె వస్తది. మా ఆయనకు అక్క. ఆమెను ఇచ్చింది భీమ్‌గల్‌కు. ప్రతి ఆదివారం పది గంటల బస్సు దిగి, చంకల సొరకాయ పెట్టుకొని పుట్టింటికి వచ్చేది. గడప దాటక ముందే గొంతు దాటేది: "సునీతా, మంచిగ ఒళ్లు జేసినవ్ పో!" అనుకుంట. నేను దిష్టిని నమ్మను, సోషల్ టీచర్ని. కాని దిష్టి నన్ను నమ్మితే నేనేం జెయ్యాలె? ఆమె అట్ల అన్న గంటకే నా కణత కాడ దరువు షురూ అయ్యేది. ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలన్నరు. మా ఇంట్ల మటుకు అర్ధతలనొప్పి అని నేను సవరణ ప్రవేశపెట్టిన.

ఒక ఆదివారం వదినె ఉండంగనే నేను గోడకు ఒరిగిన. ఆమె కొంగు బిగించింది.

"తమ్మీ, నిప్పులు తే. పసుపుకొమ్ము తే."

"వద్దు వదినె, నాకు వాసన పడదు," అన్న.

"ఆర్మూర్ల కాపురం జేసుకుంట పసుపు వాసన పడదంటవేందే? మన చేన్ల కొమ్మే. కాల్చి పొగ గుంజితే తలకాయల నీరంత దిగుతది. గుంజు!"

మీరే చెప్పుండ్రి. పంట పసుపు, ఇంటి ముందట కల్లంల ఎండుతున్నది పసుపు. ఆ పొగ వద్దంటే మొగని పంటను వద్దన్నట్టు. ఊపిరితిత్తుల నిండ గుంజిన. నా తలనొప్పి అప్పటిదాక ఒక్కతే ఉండె. ఆ పొగకు దొంకేశ్వర్ ఊర్ల ఉన్న దాని చుట్టాలందరు దిగిండ్రు. వాకిట్ల వాంతి చేసుకున్న. వదినె నా నుదురు పట్టుకొని, "పోయింది, పోయింది, నీరు పోయింది," అనబట్టింది. పోయింది నీరు కాదు, పొద్దున తాగిన చాయ్.

ఆ దెబ్బకు మా ఆయన నన్ను నిజామాబాద్ తీస్కపోయిండు. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. కండ్లల్ల లైటు కొట్టి చూసింది, కాళ్లు చేతులు ఆడించుమన్నది, గంటసేపు ప్రశ్నలడిగింది.

"ఇది మైగ్రేనమ్మా. ఒంటితలనొప్పి అంటారు కదా, అదే. భయపడేది ఏం కనబడటం లేదు."

"మరి ఎందుకు వస్తుంది?"

"మీ మెదడు కాపలా కుక్కలాంటిది అనుకోండి. కొంచెం ఎక్కువ చురుకు. ఊళ్ళో కుక్కలు ఊరుకునే చప్పుళ్ళకు ఇది మొరుగుతుంది. నిద్ర మారితే, తిండి ఆలస్యమైతే, ఘాటు వాసన వస్తే. మీ కుక్క దేనికి మొరుగుతుందో తెలిస్తే సగం వైద్యం అయినట్టే. రెండు నెలలు రాసుకుని రండి. ఎప్పుడు లేచారు, ఎప్పుడు తాగారు, ఎప్పుడు తిన్నారు, ఎన్ని గోలీలు మింగారు, నొప్పి ఎప్పుడు వచ్చింది."

రాసుడా? నాకా? సంబురంగ నోటుబుక్కు కొన్న. ఆమె చెప్పిన గడులన్ని కొట్టిన. కుడి దిక్కు ఇంక జాగ ఉండె. ఖాళీ జాగ కనబడితే టీచరు చెయ్యి ఊరుకోదు. ఆమె అడగని గడి ఒకటి కొట్టి, పైన రాసిన: "కారకులు."

నెల తిరిగేసరికి ఆ గడి చూస్తే నాకే మురిపెమైంది. నాలుగు ఆదివారాలు, నాలుగు నొప్పులు, నాలుగు సార్లు "వదినె." ఇంత సాక్ష్యముంటే ఏ కోర్టన్న ఊరుకుంటదా? మా ఆయన అన్నం తింటుంటే ముందట పరిచిన.

"చదువు."

చదివిండు. ముద్ద మింగిండు. "అయితే?"

"మీ అక్కను కొన్ని దినాలు రావద్దను."

"సునీతా, గది అక్క పుట్టిల్లు. అమ్మ పోయినంక గామెకు గీ గడప తప్ప ఏమున్నది?"

"నేను రావద్దంటలేనయ్యా, నా తలకాయ అంటుంది. రాతమూలకంగ ఉన్నది."

ఆయన చెయ్యి కడుక్కొని, కల్లం కాడికి పోయి ఫోన్ చేసిండు. ఏమన్నడో వినబడలేదు. వచ్చి, "చెప్పిన," అన్నడు. "ఏమన్నది?" అన్న. "సరే తమ్మీ అన్నది. మంచిగ జూసుకో అన్నది." వాదన గెలిచినంక ఎదుటోడు కొంచెం గొణుగాలె. గొణగకపోతే గెలుపు రుచి ఉండదు. ఉప్పెయ్యని పప్పు తిన్నట్టు అయింది నాకు.

ఆ ఆదివారం వదినె రాలేదు. తలనొప్పి మటుకు టైముకు వచ్చింది.

నేనేం జేసిననుకుంటున్నరు? నా సిద్ధాంతం తప్పని ఒప్పుకున్ననా? నోటుబుక్కు తీసి రాసిన: "వదినె ఫోన్ చేసింది." మళ్ల ఆదివారం ఫోన్ గూడ లేదు. భీమ్‌గల్ బస్సుల కండక్టరు చేతికి సొరకాయ మాత్రం పంపింది. నొప్పి వచ్చింది. రాసిన: "వదినె పంపిన సొరకాయ." మూడో ఆదివారం సొరకాయ గూడ రాలేదు. నొప్పి వచ్చింది. చానసేపు పెన్ను కొరికి రాసిన: "వదినె యాదికొచ్చింది." నవ్వకుండ్రి. సిద్ధాంతాన్ని నిలబెట్టుడంటే పిల్లగాండ్ల ఆటనుకున్నరా?

డాక్టరమ్మ దగ్గరికి మళ్ల పోయే దినం వచ్చింది. సరిగ్గ ఆఖరి చేను పసుపు ఉడకబెట్టే రోజులు. మా ఆయనకు పొయ్యి కాడికెల్లి కదులుటానికి లేదు.

"ఒక్కదానివి బస్సుల పోతవా? నడుమల నొప్పి లేస్తే?"

"మరి ఎవరొస్తరు?"

"అక్కకు చెప్పిన. బస్టాండ్ల ఉంటది."

నోటుబుక్కు సంచిల ఉన్నది. వదినె బస్టాండ్ల ఉన్నది. ఈ రెండూ ఒక్క అర్రల కూసోవద్దని నేను దారిపొడుగునా మొక్కిన. దేవుడు ఎప్పుడన్న సోషల్ టీచర్ల మొక్కులు విన్నడా?

"పేషెంటుతో వచ్చినవాళ్ళు కూడా రండి," అన్నది డాక్టరమ్మ. నోటుబుక్కు చూసి, "ఎంత చక్కగా రాశారు!" అన్నది. ఆ మెచ్చుకోలుకు ఆగిపోతే మంచిగుండు. చదువుడు మొదలుపెట్టింది, అదీ గట్టిగ.

"ఆదివారం, వదినె. ఆదివారం, వదినె. ఆదివారం, వదినె పంపిన సొరకాయ..." కండ్లద్దాల మీదికెల్లి చూసింది. "ఎవరమ్మా ఈ వదినె?"

"నేనే డాక్టరమ్మా," అన్నది గంగమణి వదినె, బడిల హాజరు చెప్పినట్టు.

వదినె నా దిక్కు చూడలేదు. డాక్టరమ్మ మాత్రం పెన్ను తీసి నా గడులల్ల సున్నాలు చుట్టబట్టింది.

"మీరు సోమవారం నుంచి శనివారం దాకా ఐదింటికి లేస్తారు. ఐదున్నరకు చాయ్, ఏడింటికి టిఫిన్. అవునా?"

"అవును."

"ఆదివారం తొమ్మిదింటికి లేచారు. చాయ్ తొమ్మిదిన్నరకు. టిఫిన్..." ఇంకో సున్న చుట్టింది. "పదకొండున్నరకు. ఎందుకు?"

"వదినె వచ్చినంక కలిసి తిందమని."

"ఆమె రాని ఆదివారాలు?"

జవాబు నా అక్షరాలే చెప్పినయి. ఆమె రాకున్నా తొమ్మిదే, పదకొండున్నరే.

"నిద్ర నాలుగు గంటలు ఎక్కువ, చాయ్ నాలుగు గంటలు ఆలస్యం, కడుపు ఖాళీ. మొరిగింది దీనికమ్మా. ఆమె బస్సు దిగే టైముకు కుక్క అప్పటికే లేచి కూర్చుంది." పేజీ తిప్పి ఇంకో గడి మీద వేలు పెట్టింది. "ఇది ఇంకా పెద్ద సంగతి. గోలీలు వారానికి నాలుగు రోజులు, ఐదు రోజులు. ఇన్ని మింగితే నొప్పి తగ్గించే గోలీయే నొప్పిని తెస్తుంది."

యూసుఫ్ భాయ్ ఆ మాట ఊరికెనే చెప్పిండు. నేను ఫీజు కట్టి విన్న.

ఆ గోలీలు బందు పెట్టించింది. "మొదటి రెండు వారాలు నొప్పి ఎక్కువవుతుంది, ఓర్చుకోవాలి," అన్నది. నొప్పులు రాకుండ పండుకునే ముందట వేసుకోమని వేరే గోలీ రాసింది, కొన్ని నెలలకు. నొప్పి వచ్చినప్పుడు మొదట్లనే వేసుకోను ఒకటి, అదీ వారానికి రెండు రోజులు మించొద్దని. ఆదివారమైనా అదే టైముకు లేవాలె, తినాలె.

లేవబోతుంటే వదినె నోరు తెరిచింది. నా నేరం చెప్తదనుకొని తల వంచుకున్న.

"డాక్టరమ్మా, గీ ఒంటితలకాయనొప్పి నాకు గూడ ఉన్నది. మస్తు ఏండ్ల సంది. తువ్వాల బిగించుకొని పనికి పోత. దీనికి మందుంటదని ఎవరు చెప్పలే."

నేను ఆమెను ఇరవై ఏండ్ల సంది చూస్తున్న. తలకు తువ్వాల చూసి, ఎండకు కట్టుకున్నదనుకున్న. ఆమె పేరుతోని కారకుల గడి నింపుటానికి ఉన్న తీరిక, ఆమె మొఖం చూసేటందుకు నాకు లేకపాయె.

బస్సుల కిటికీ దిక్కు కూసొని వదినె అడిగింది: "సునీతా, ఆదివారం రావచ్చునా?"

"రా వదినె. మొదటి బస్సుకు రా."

వచ్చింది. ఆరున్నరకే తలుపు కొట్టి, ఐదింటికి లేచి మళ్ల ఒరిగిన నన్ను చూసి "లెవ్వే, కుక్క మొరుగుతది!" అని కేకేసింది. అప్పటి నుంచి నాకు ఆదివారం నిద్ర లేదు. నొప్పులు గూడ చానవరకు లేవు. పూర్తిగ పోలేదు, నెలకు ఒకటి రెండు సార్లు పలకరించి పోతయి.

డాక్టరమ్మ వదినెకు గూడ రాసుకొని రమ్మన్నది. రెండు నెలల తర్వాత ఇద్దరం కలిసి పోయినం. వదినె ఐదో తరగతి చదువు, పెన్సిలు రాత. ఆ కాయితాలు డాక్టరమ్మ చేతికి పోతుంటే నేను వాదనలు తయారు చేసుకున్న. "సునీత లొల్లి పెట్టింది" అని రాసి ఉంటే ఏమనాలె, "సునీత రావద్దన్నది" అని ఉంటే ఏమనాలె, అన్నీ ముఖపాఠం చేసిన. నా పేరు పది సార్లన్న ఉంటదని నా లెక్క.

డాక్టరమ్మ చదివింది. "మంగళవారం ఎండల కలుపు తీసిన, నొప్పి. శుక్రవారం ఒక్కపొద్దు ఉన్న, నొప్పి. సోమవారం నిద్ర లేదు, నొప్పి." అట్ల పోయి పోయి ఒక్క కాడ ఆగింది. నా పేరు మొత్తం మీద ఒక్కసారే ఉన్నది.

"ఆదివారం. నొప్పి రాలే. సునీత ఇంటికి పోయిన."

తయారు చేసుకున్న వాదనల్ల ఒక్కటి గూడ దానికి పనికి రాలేదు. నిజామాబాద్ నుంచి ఆర్మూర్ దాకా నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఇద్దరం ఇంటికొచ్చినంక మా ఆయన నా మొఖం చూసి భయపడి, "అక్కా, గీమెకు మాట పడిపోయిందా ఏంది? మళ్ల డాక్టరు దగ్గరికి పోదామా?" అన్నడు.

కాబట్టి, పసుపు పండే ఈ నేల మీద నిలబడి, తల రెండు దిక్కులు సోయిల ఉండంగ, గంభీరంగ ప్రమాణం చేస్తున్న: ఇగ ముందట ఖాళీ కడుపుతోని నేను ఎవరి మీద నేరం మోపను. తిన్నంక మటుకు హామీ ఇయ్యను.