బూదికి వద్దనుకున్న కోత

2005 జూన్‌లో నన్ను మధిర వైపు నుంచి జూలూరుపాడు మండల పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో సర్జన్ ఉంది కదా, ఆపరేషన్ థియేటర్ కూడా ఉంటుందని మా బంధువులు చాలాకాలం నమ్మారు. అక్కడ ఉన్నవి రెండు గదులు, ఒక వరండా, ఆవరణలో ఒక ట్రెవిస్. ట్రెవిస్ అంటే పశువు కదలకుండా నిలబెట్టడానికి ఇనుప పైపులతో బిగించిన చట్రం. నా కింద యాకూబ్ అనే అటెండర్ ఒక్కడు. పైన కొత్తగూడెంలో అసిస్టెంట్ డైరెక్టర్ గారు ఉండేవారు. నెలకోసారి సమీక్షకు పిలిచి, టీకాల లెక్క తగ్గిందని చీవాట్లు పెట్టి పంపేవారు.

అడవి అంచు మండలాల్లో మా పని చాలామటుకు ఆవులు, గేదెలు, ఎడ్లతోనే. గొంతువాపు టీకాలు, కృత్రిమ గర్భధారణ, చూడి పరీక్షలు, కోడెలకు విత్తులు కొట్టడం. ఈ చివరిదానికి బర్డిజో అనే పెద్ద పట్టకారు వాడతాం. చర్మం తెగదు, రక్తం రాదు. లోపల వృషణాలకు వెళ్ళే నాళాలు నలిగిపోతాయి. రైతు ఆ కోడెను అప్పుడే ఇంటికి తోలుకుపోతాడు, సాయంత్రానికి మందలో కలిపేస్తాడు. ఆ పని పూర్తయిందా లేదా అని ఎవరూ మళ్ళీ ఆలోచించరు. నేను చెప్పబోయే సంగతికి ఈ అలవాటు తెలిసి ఉండటం అవసరం.

నేను వెళ్ళడానికి ముందే ఒక స్వచ్ఛంద సంస్థ ఆ పల్లెల్లో కుందేళ్ళు పంచింది. చించిల్లా జాతివి. అసలు చించిల్లా అనేది ఎక్కడో దక్షిణ అమెరికా కొండల్లో ఉండే ఎలుక జాతి జంతువు. దాని బూడిద రంగు బొచ్చును పోలిన బొచ్చు ఉన్నందున ఈ కుందేళ్ళకూ ఆ పేరే పెట్టారు. మాంసానికి మంచి గిరాకీ వస్తుందని సంస్థవాళ్ళు చెప్పారు. కొనేవాళ్ళు రాలేదు. సంస్థా కనిపించకుండా పోయింది. కొందరు కోసుకు తిన్నారు, కొందరు అడవిలో వదిలేశారు. ఇంట్లో పెరిగిన కుందేలు అడవిలో ఒక్క రాత్రి బతికినా గొప్పే. మిగిలిన నాలుగైదు ఇళ్ళలో అవి పెంపుడు జంతువులయ్యాయి. మా నెలవారీ నివేదికలో ఆవుకు, గేదెకు, గొర్రెకు, మేకకు, కోడికి, కుక్కకు గడులుండేవి. కుందేలును మేం 'ఇతరములు'లో రాసేవాళ్ళం.

ఆ ఇళ్ళలో పద్మ ఇల్లు ఒకటి. భర్త వెంకన్న పత్తి, మిరప వేసేవాడు. ఇద్దరు ఆడపిల్లలు, బడికి పోతున్నారు. వాళ్ళ పల్లె అడవికి ఎంత దగ్గరంటే ఇంటి పెరడు ఎక్కడ అయిపోయిందో, అడవి ఎక్కడ మొదలైందో కొత్తవాళ్ళకు తెలియదు. పద్మ మొదటిసారి గంపలో గుడ్డ పరిచి ఒక ఆడ కుందేలును తెచ్చింది. పేరు బూది. ఊరకుక్క వెనక నుంచి పట్టుకుందట. గాయాలు కడిగి కుట్లు వేశాను. పుండ్లు మానాయి గానీ తుంటి ఎముక విరిగి వంకరగా అతుక్కుంది. మాకు ఎక్స్‌రే లేదు. వేలితో తడిమి చూస్తే పిల్ల బయటికి రావలసిన దారి సగానికి సగం ఇరుకై ఉంది. బూది ఇకమీదట ఈనకూడదని, కడుపు వచ్చిందంటే ప్రాణం మీదికి వస్తుందని, వాళ్ళింట్లోనే ఉన్న మగ కుందేలును విడిగా పెట్టాలని పద్మకు చెప్పాను. ఆమె తల ఊపింది.

వాళ్ళు విడిగానే పెట్టారు, కాకపోతే పగలు మాత్రమే. ఇంట్లో ఇనుప జాలీ గూడు ఒక్కటే ఉంది. పగలు మగదాన్ని కోళ్ళ గంప కింద మూసేవాళ్ళు. రాత్రి గంపను నమ్మితే అడవిపిల్లి ఎత్తుకుపోతుందని రెంటినీ ఇనుప గూట్లోనే పెట్టేవాళ్ళు. రాత్రిపూట పడుకుంటాయి కదా, ఏమవుతుందిలే అనుకున్నారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది. మరుసటి వేసవి మొదట్లో బూదికి నొప్పులు వచ్చి, ఈత మధ్యలో ఆగిపోయిందని మొగుడూ పెళ్ళాలు దాన్ని ఆసుపత్రికి తెచ్చారు. నూనె పూసి, ఒక్క వేలుకు చోటున్న దారిలోంచి నాలుగు పిల్లల్ని లాగాను. నాలుగూ చచ్చిపోయి ఉన్నాయి. బూది బతికింది. ఇలాంటి అదృష్టం రెండోసారి ఉండదని అప్పుడే అన్నాను.

ఆ రోజు దంపతులిద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టి కుందేలు సంగతి వివరించాను. ఆవులాగా దీనికి ఎదకు వచ్చే రోజులంటూ లెక్కగా ఉండవు. మగది కలవడంతోనే అండం విడుదలవుతుంది. ఈనిన రోజునే మళ్ళీ కడుపు నిలవగలదు. కలవడానికి నిమిషం కూడా పట్టదు. కాబట్టి కాపలా కాసి లాభం లేదు, ఆపరేషన్ ఒక్కటే దారి అన్నాను. వెంకన్న వెంటనే ఒప్పుకున్నాడు. ఆడదాన్ని ఎప్పుడు తీసుకురమ్మంటారని అడిగాడు.

ఆడదానికి కాదు, మగదానికి అన్నాను. కారణం చెప్పాను. ఆడదానికి చేయాలంటే పొట్ట కోసి గర్భసంచి తీయాలి. కుందేలు మత్తుకు తట్టుకోవడం కష్టం, తట్టుకున్నా ఆ తర్వాత మేత మానేస్తే పేగులు కదలక చచ్చిపోతుంది. మగదానికైతే పైపైన చిన్న గాటు, పావుగంట పని. బర్డిజో ఇంత చిన్న ప్రాణికి పనికిరాదు కనుక ఆ గాటైనా తప్పదు.

వెంకన్న ముఖం మారింది. "మొగదానికి చేసుడేంది మేడం? ఆపరేషన్ అంటే ఆడదానికే చేస్తరు గదా, యాడనైనా," అన్నాడు.

నాకు చిరాకేసింది. నీ ఎడ్లకు విత్తులు కొట్టింది నేనే కదా, అప్పుడు ఈ అనుమానం రాలేదేం అని అడిగాను. ఎడ్ల సంగతి వేరన్నాడు, అవి దున్నాలి కదా అన్నాడు. ఇది ఇంట్లో తిరిగేదట, పిల్లలు ముద్దు చేసేదట. దాని మగతనం తీసేస్తే ఉసురు తగులుతుందని అతని బాధ. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది ఆ వాదన. యాకూబ్ నవ్వు ఆపుకోలేక వరండాలోకి పోయాడు.

 పద్మ అప్పటిదాకా బూది వీపు నిమురుతూ కూర్చుంది. తల ఎత్తకుండానే అంది.

"మొగదానికే చెయ్యిండ్రి మేడం. కడుపు కోస్తే ఎట్లుంటదో నాకెరుక. నాకు చేసి ఆరేండ్లాయె, నీళ్ళ బిందె ఎత్తితే ఇప్పటికీ సలుపుతది."

రెండో పిల్ల పుట్టాక కుటుంబ నియంత్రణ శిబిరంలో ఆమెకు ఆపరేషన్ చేశారని, కుట్టు చీము పట్టిందని తర్వాత విడిగా చెప్పింది. మగవాళ్ళకు చేసేది ఇంకా తేలికని అప్పుడు నర్సమ్మ చెప్పినా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదట. ఇదంతా ఫిర్యాదులాగా చెప్పలేదు. వాన పడిందని చెప్పినట్టు చెప్పింది. నాకే మనసు పాడైంది.  మరుసటి వారం వెంకన్న మగదాన్ని తనే సంచిలో పెట్టుకుని వచ్చాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. కుందేలుకు వాంతి కాదు కాబట్టి ముందు రోజు ఉపవాసం ఉంచాల్సిన పని లేదు. మత్తు సూది వేసి, బొచ్చు గొరిగి, రెండు వైపులా చిన్న గాటుతో పూర్తిచేశాను. తెలివి రాగానే కొత్తిమీర నమిలింది. ఇంటికి పంపేముందు ఇద్దరికీ మళ్ళీ చెప్పాను. వృషణాలు తీసేసినా నాళాల్లో మిగిలిన బీజం కొన్నాళ్ళు ఉంటుంది. కాబట్టి ఆరు వారాలు, పుండు మానినా మానకపోయినా, రెంటినీ కలపకూడదు. ఇందుకోసం యాకూబ్ మా స్టోరులో మూలపడిన పాత కోళ్ళ పెట్టె ఒకటి వాళ్ళకిచ్చాడు. వెంకన్న, "అవ్ మేడం," అన్నాడు. పద్మ పెట్టె గడియ వేసి, తీసి చూసుకుంది.

ఆ ఏడాది చికున్‌గున్యా జ్వరం జిల్లా అంతా పాకింది. కీళ్ళు పట్టేసి మనుషులు మంచాల్లోంచి లేవలేకపోయారు. ఆపరేషన్ అయిన వారానికి, పెనుబల్లి దగ్గర పుట్టింట్లో తల్లి మంచాన పడిందని కబురొస్తే, పద్మ పిల్లల్ని తీసుకుని వెళ్ళి మూడు వారాలు ఉండిపోయింది. ఇంట్లో వెంకన్న, రెండు కుందేళ్ళు మిగిలారు.

ఆమె తిరిగొచ్చిన మరునాడే బూదిని తీసుకుని ఆసుపత్రికి వచ్చింది. వచ్చేసరికి రెండూ ఒకే గూట్లో ఉన్నాయంది, పొట్ట చూడమంది. కుందేలు చూడిని రెండు వారాలకు వేళ్ళతో పట్టుకోవచ్చు. పొట్ట కింద వేళ్ళు మెల్లగా జార్చితే రేగుపండ్లలాంటివి తగులుతాయి. తగిలాయి. మూడు లెక్కపెట్టి, ఇంక లెక్కపెట్టలేదు.

వెంకన్న వెనకే వచ్చి ట్రెవిస్ పైపు పట్టుకుని నిలబడ్డాడు. ఏం జరిగిందని అడిగితే దాచలేదు. మగది పెట్టెలో ఒంటరిగా దిగులు పడి మేత సరిగ్గా ముట్టలేదట. చూసి జాలేసిందట. కుట్టు ఆరిపోయింది, చేయాల్సింది మేడం చేసేసింది, ఇంకేముంది అని కలిపాడట. ఆరు వారాలని నీ ఎదుటే కదా చెప్పాను అన్నాను.

"చెప్పిన్రు మేడం. గా జాగ్రత్తలు మా ఇంటామె చూసుకునేవి అనుకున్న. ఆమె ఊర్లే లేకపాయె," అన్నాడు.

నాకు ఆ మాట మీద వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అతను చెడ్డవాడు కాడు. భార్యను కొట్టేవాడు కాడు, తాగేవాడు కాడు, కుందేలు దిగులును కూడా గమనించినవాడు. అందుకే కోపం ఎక్కువైంది. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని.

ఇక మిగిలినవి రెండే దార్లు. కుందేలు నెల రోజులకే ఈనుతుంది; ఆ నెల నిండేదాకా ఆగితే పిల్లలు ఆ ఇరుకు దారిలో ఇరుక్కుని తల్లి చస్తుంది. లేదంటే ఇప్పుడే పొట్ట కోసి, పిల్లలతో సహా గర్భసంచి తీసేయాలి. కాలేజీలో నాకు శస్త్రచికిత్స చెప్పిన మాస్టారికి ఫోన్ చేశాను. తీసేయడమే మేలు, ఆలస్యం చేసినకొద్దీ కష్టం అన్నారు. బతుకుతుందా అంటే, చెయ్యి ఎంత జాగ్రత్తగా ఉన్నా కుందేలు విషయంలో హామీ ఇవ్వలేం అన్నారు. అదే మాట పద్మకు చెప్పాను. ఆమె సరేనంది. వెంకన్నను ఆమె అడగలేదు.

మరునాడు పొద్దున్నే చేశాను. బల్ల మీద బూది కాళ్ళు యాకూబ్ పట్టుకున్నాడు. ఊపిరి ఆడుతోందా లేదా అని పద్మ తనే ముక్కు దగ్గర దూదిపింజ పట్టుకుని కూర్చుంది. బయటికి పొమ్మనాలని ఉన్నా అనలేకపోయాను. రక్తం పెద్దగా పోలేదు. కుట్లు శుభ్రంగా పడ్డాయి. మధ్యాహ్నానికి బూది తల ఎత్తింది. ఆ సాయంత్రం రెండు గరిక పోచలు తింది. నేను కూడా ఆశపడ్డాను.

మరునాటి నుంచి మేత ముట్టలేదు. కుందేలు పెంటికలు వేయడం ఆగిందంటే లోపల పేగులు ఆగిపోయినట్టే. గోరువెచ్చని నీళ్ళు, గంజి సిరంజితో పట్టాం. నొప్పి తగ్గే సూది వేశాను. పొట్ట మెల్లగా రుద్దడం పద్మకు నేర్పాను. ఆమె పగలంతా వరండాలో కూర్చుని రుద్దుతూనే ఉంది, చీకటి పడ్డాక గంపలో ఇంటికి తీసుకెళ్ళింది. మూడో రోజు నేను ఆసుపత్రి తలుపు తీసేసరికి ఆమె మెట్ల మీద ఉంది. గంప మీద గుడ్డ కప్పి ఉంది.

లోపలికి రమ్మన్నాను, రాలేదు. ఏడవలేదు. ఎవరి మీదా కోపంగా కూడా లేదు. వెంకన్న గేటు అవతల సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు.

"మొగదానికి చేసినా, ఆఖరికి కోత దీనికే పడె మేడం," అంది. గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ నెల నివేదికలో 'ఇతరములు' కింద శస్త్రచికిత్స ఒకటి, మరణం ఒకటి అని రాశాను. అసిస్టెంట్ డైరెక్టర్ గారు కుందేళ్ళ మీద ఇంత సమయం ఎందుకని అడిగారు. టీకాల రిజిస్టరు తీసి ఆయన ముందు పెట్టాను.

తర్వాత ఇంకో పదకొండేళ్ళు సర్వీసు చేశాను. పెంపుడు కుందేలైనా, కుక్కైనా, మగదానికి ఆపరేషన్ చేయాల్సి వచ్చిన ప్రతిసారీ ఎడంగా ఉంచాల్సిన గడువు అయ్యేదాకా దాన్ని ఆసుపత్రిలోనో, వేరే ఊరి బంధువుల ఇంట్లోనో ఉంచమనేదాన్ని. ఒప్పుకోకపోతే చేయనని చెప్పేదాన్ని. జాగ్రత్త అనేది ఆడవాళ్ళ వంతని నమ్మే ఇంట్లో కత్తి మగదాని మీద పెట్టినా, దెబ్బ ఆడదానికే తగులుతుంది. నేను నేర్చుకున్నది అంతే.