సీతారాములు కథకు ఊ కొట్టినవాళ్ళు

కాలేజీ మధ్యలో వదిలేసినవాడికి నల్గొండలో రెండే పనులు దొరుకుతాయి. బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ కూర్చోవడం ఒకటి, ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం ఒకటి. అరవై రెండులో నేను రెండూ చేస్తున్నాను. మా ప్రెస్సాయన పెండ్లి పత్రికలూ ఎన్నికల కరపత్రాలూ వేసి బతికేవాడు. ఏడాదికొక నవల వేసి పేరు తెచ్చుకోవాలని ఆయన దురద. ఆ దురద వల్లనే నేను నారాయణపేట చూశాను.

ఒకనాడు పోస్టులో మూట ఒకటి వచ్చింది. చీర అంచు ముక్కతో కట్టిన కాయితాలు, మీద నారాయణపేట సీతారాములు అని పేరు. విప్పి చూస్తే అంతా ఉర్దూ.

"మనకెందుకు గీ ఉర్దూ? పక్కన పడెయ్" అన్నాడు ప్రెస్సాయన.

నిజాం కాలపు బడిలో అయిదో తరగతి దాకా ఉర్దూ చదివినవాణ్ణి. ఊరికే ఒక పుట పైకి చదివాను. నోట్లోంచి తెలుగు వచ్చింది! అక్షరాలే ఉర్దూవి, మాటంతా తెలుగు. ఎవడో తనకు వచ్చిన ఒక్క లిపిలో తన మాటలన్నీ రాసుకున్నాడు. జానయ్య అనే సాలె నేతగాడు కరువు యేడు ఇల్లు విడిచి షోలాపూరు మిల్లుకు కాలినడకన బయలుదేరతాడు. ముప్పై ఒక్క ప్రకరణాలు నడుస్తూనే ఉంటాడు. సాయంత్రం దాకా చదివాను. ప్రెస్సాయన చాయ్ చల్లారిపోయింది. ముప్పై ఒకటో ప్రకరణం చివర జానయ్య వెనక్కి తిరిగి తన ఊరి పొలిమేర దాకా వచ్చి ఆగాడు. అక్కడితో కాయితాలు అయిపోయాయి.

"పోయి ఆయన చదువుతుంటే తెలుగులో ఎత్తిరాయి. ఆఖరుది రాయించుకొని రా. ఆఖరు లేని నవల నేను వెయ్య" అన్నాడు ప్రెస్సాయన. నాకు నల్గొండ విసుగెత్తి ఉంది. కల్వకుర్తి మీదుగా పాలమూరు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు పట్టుకొని పోయాను.

సీతారాములుకు అప్పుడు నలభై దాటాయి. బక్కమనిషి. ఇల్లు ఒకటే గది, గదిలో సగం మగ్గం. నేల తవ్వి చేసిన గుంటలో కాళ్ళు వేలాడేసుకొని కూర్చొని నేస్తున్నాడు. నా పేరు లింగస్వామి, నల్గొండ ప్రెస్సు నుంచి వచ్చానంటే నవలను నమ్మినవాడు ఒకడున్నాడన్నట్టు కాక, జప్తుకు వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు.

"ఆఖరుది రాయలే తమ్మీ" అన్నాడు మొదటి మాటే.

"ఎందుకు రాయలే కాకా?"

"రాస్తే అయిపోతది."

వాళ్ళావిడ లక్ష్మీనర్సమ్మ నూలు కండెలు చుడుతూ నవ్వింది. "అడుగు బిడ్డా, నువ్వన్న అడుగు. అందుకే కాయితాలు నేనే పంపిచ్చిన. రెండేండ్ల సంది పొలిమేర కాడ నిలబెట్టిండు గా జానయ్యను. ఎండకు మాడిపోతుండు పాపం."

మగ్గం దిగి చదవమంటే సీతారాములు ఒప్పుకోలేదు. అక్కడే కూర్చొని, జానెడు నేసి, ఆగి, నేను వెనక్కి తెచ్చిన కాయితాల్లోంచి ఒక పుట చదివేవాడు. నేను గోడకు ఆనుకొని తెలుగులో రాసుకునేవాణ్ణి. మొదటి రోజు పట్టపగలు, నెత్తిన ఎండ. లక్ష్మీనర్సమ్మ వీధిలో మిగతా ఆడవాళ్ళతో పడుగు నూలు బారుగా చాపి గంజి పెడుతోంది. ఆమె మాట కిటికీలోంచి వినబడుతూనే ఉంది.

"జానయ్య చెప్పులు చేతిలో పట్టుకున్నడు" అని చదివాడు సీతారాములు.

"ఊ."

నేను తల ఎత్తలేదు. కథ చెబుతుంటే ఎవరో ఒకరు ఊ అనడం మామూలే కదా. నాలుగైదు వాక్యాలయ్యాక స్ఫురించింది: గదిలో మేమిద్దరమే ఉన్నాం, నేను అనలేదు. ఆయన చదువుతున్నాడు. చదివేవాడి నోరు చదువుతూనే ఉంది, ఊ వేరే వస్తోంది. ఆడగొంతూ కాదు, మగగొంతూ కాదు. వినబడేది మగ్గం గుంటలోంచి. ఆయన కాళ్ళ దగ్గర్నుంచి.

వంగి చూశాను. తొక్కుడు కర్రలు, ఆయన పాదాలు, కొంచెం దూది. అంతే.

"కనపడదు" అన్నాడు సీతారాములు, బీడీ ఇమ్మన్నంత తేలిగ్గా.

నేను దయ్యాలను నమ్మే రకం కాదు. దేవుణ్ణే నమ్మనివాణ్ణి, దయ్యాలకు మినహాయింపు ఎందుకిస్తాను? అయినా గుంటకు దూరంగా జరిగి కూర్చున్నాను. సిగ్గుపడి, ధైర్యం చూపించాలని, నా సంచిలోంచి నేను రాసుకున్న కథ ఒకటి తీసి గట్టిగా చదివాను. ఒక పుట చదివాను. రెండు పుటలు చదివాను. గుంటలోంచి చప్పుడు లేదు.

"దానికి నచ్చలే" అన్నాడు సీతారాములు నొచ్చుకోకుండా.

నా కథకు అంతవరకు మనుషులు ఊ కొట్టలేదు, ఇప్పుడు మనిషి కానిదీ కొట్టదని తేలిపోయింది.

అక్కడున్న పది రోజుల్లో ఆయన సంగతంతా తెలిసింది. యువకుడిగా షోలాపూరు మిల్లులో నాలుగేండ్లు చేశాడు. ఒక్క గదిలో ఎనిమిదిమంది తెలుగువాళ్ళు. పని దిగివచ్చాక ఈయన కథ చెప్పాలి, ఏడుగురిలో ఒకడు ఊ కొట్టాలి. అదీ ఆయన సుఖం. యాభై ఒకటిలో తల్లికి జబ్బు చేస్తే నారాయణపేట తిరిగి వచ్చాడు. ఇక్కడి వీధిలో కథ ఎత్తుకుంటే "చీర ఎంతదాక వచ్చింది, అది చెప్పు" అన్నారు. కతల సీతారాములు అని పేరు పెట్టారు. పెండ్లిలో, చావులో, పిండి గిర్నీ దగ్గర అదే పేరు. ఆయన నోరు మూసుకున్నాడు. నేస్తూ నేస్తూ మగ్గానికి చెప్పుకోవడం మొదలుపెట్టాడు. పిల్లలు లేరు. ఇంట్లో ఇంకెవరు వింటారు?

"చిన్నమ్మ వినదా?" అని అడిగాను.

"నేను వింట" అంది లక్ష్మీనర్సమ్మ. "కని నిద్ర వస్తది. పొద్దంత కండెలు చుట్టిన మనిషికి నిద్ర రాదా?"

యాభై అయిదు వైశాఖంలో ఒక మధ్యాహ్నం, జానయ్య ఇల్లు విడిచే ఘట్టం చెప్పుకుంటుంటే, ఊ వినబడింది. పెండ్లాం అనుకున్నాడు. ఆమె బావి దగ్గర ఉంది. ఆమె ఒకనాడు లోపలికి వస్తూ విని, మొగుడే మధ్యమధ్య ఊ అనుకుంటున్నాడనుకుంది. ఇద్దరికీ నిజం తెలిసేసరికి వారం గడిచింది. అప్పటికి అలవాటైపోయింది.

రాయడం ఎలా మొదలైందో వింటే నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వు పోయింది. నిన్న చెప్పిన ముక్క ఇవాళ కొంచెం మార్చి చెబితే ఊ రాదు. నిన్న జానయ్య భుజాన గొంగడి ఉంటే ఇవాళా గొంగడే ఉండాలి. అబద్ధం చెప్పినా రాదు. ఆకలితో ఉన్నవాడు పూలు చూసి మురిసిపోయాడని ఒకసారి చెబితే మూడు రోజులు గుంట పలకలేదు. అందుకని మరిచిపోకుండా రాసి పెట్టుకున్నాడు. బడిలో నేర్చిన అక్షరాలు ఉర్దూవే గనుక వాటితోనే. పేరు కోసం రాసేవాళ్ళను చూశాను, పోటీ బహుమతుల కోసం రాసేవాళ్ళను చూశాను. మాట తప్పితే పట్టుకునేవాడు ఉన్నాడని భయపడి రాసినవాణ్ణి ఈయన్నే చూశాను.

"అయిపోగొట్టు కాకా. పుస్తకమైతే వెయ్యిమంది చదువుతరు" అన్నాను.

"చదివేటోడు ఊ అంటడా?"

నేను కలానికి మూత పెట్టాను.

"కత అయిపోతే ఊ కొట్టే గాయన ఎందుకుంటడు ఈడ? పోతడు. పోతే మళ్ల నేను మగ్గానికే చెప్పుకోవాలె."

లక్ష్మీనర్సమ్మ నన్ను వాకిట్లోకి పిలిచింది. నవ్వులాటంతా పోయింది ముఖంలోంచి. "ఎట్లన్న రాయించు బిడ్డా. ఏడేండ్లాయె. అన్నం వడ్డిస్తాంటే ఇద్దరికి రెండు కాక మూడో తలె నా చేతికొస్తుంది. పెట్టినంక సూసుకుంట, ఎవరికి పెట్టిన అని. నేను మా అవ్వగారింటికి పోదామనుకున్న. పోతే ఈన ఒక్కడే అయితడు దానితోని." అప్పుడు నాకు అర్థమైంది ఆఖరి ప్రకరణం ప్రెస్సాయనకన్నా ఎవరికి ఎక్కువ అవసరమో.

పదకొండో రోజు పటం కథలవాళ్ళు దిగారు. సాలెల కులకథను బొమ్మల పటం విప్పి పాడే కుటుంబం. మూడేండ్లకోసారి ఆ వీధికి వస్తారు. పెద్దాయన జంగయ్య. డెబ్భై ఏండ్ల మనిషి, ఒక కంట్లో పువ్వు పడింది. నలుగురి ముందు ఆయన పాడుతుంటే పక్కన తమ్ముడు ప్రతి చరణానికీ ఊ అనేవాడు. వీధంతా కూర్చొని విన్నది. కతల సీతారాములు అని నవ్వినవాళ్ళే విన్నారు. సీతారాములు వెనక నిలబడి విన్నాడు. పాట అయ్యాక, తన జీవితంలో మొదటిసారి, తన కాయితాలు తీసుకొని ఇంకొక కథకుడి దగ్గరికి వెళ్ళాడు.

"నేను గూడ చెప్త" అన్నాడు, దొంగతనం ఒప్పుకున్నట్టు.

"చెప్పేటోడివి ఇన్నేండ్లు యాడ దాసుకున్నవయ్యా? మూడేండ్లకోపారి వస్తిమి కద. పా, విందం" అన్నాడు జంగయ్య.

మధ్యాహ్నం మగ్గం పక్కన కూర్చొని విన్నాడు. గుంటలోంచి ఊ వచ్చింది. నేను జంగయ్య ముఖమే చూస్తున్నాను. బెదరలేదు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, పెద్దమనిషి గదిలోకి వస్తే తీసినట్టు.

"ఎన్నేండ్లాయె?"

"ఏడు."

"ఊ కొట్టేటోడు లేకుంట మేము నోరు తెరవం. తెరిస్తే ఆ జాగల ఎవరో ఒకరు వచ్చి కూసుంటరు. నీకు తెల్వకపాయె. సరే కూసున్నడు, మర్యాదస్తుడే. ఏడేండ్లు కూసోవెట్టి నడిమిట్ల ఆపుతవా? నేసిన చీర మగ్గం మీదికెల్లి కొయ్యకుంట పెట్టుకుంటవా ఏడేండ్లు?"

ఆ మాట సీతారాములుకు తగిలింది. నేతగాడికి తగలవలసిన చోటే తగిలింది. ఆ సాయంత్రం కాయితం పట్టి, తెల్లారేసరికి ఆఖరుది రాశాడు.

మర్నాడు మధ్యాహ్నం జంగయ్య వచ్చాడు. నేను కలం పట్టుకున్నాను. లక్ష్మీనర్సమ్మ కండెలు పక్కన పెట్టి గడపలో కూర్చుంది, మొదటిసారి నిద్రపోకుండా. జానయ్య పొలిమేర దాటాడు. ఊ. వీధిలోకి వచ్చాడు. ఊ. ఇంట్లో వేరే ఎవరో కాపురముంటున్నారు. గుంట పలకలేదు. సీతారాములు మార్చలేదు. అదే వాక్యం మళ్ళీ చదివాడు. ఊ. ఆ ఇంటివాళ్ళను మంచినీళ్ళడిగాడు జానయ్య. తాగాడు. వాళ్ళ మగ్గం మీద తెగిన పోగు ఒకటి కనిపిస్తే ముడివేసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఊ రాలేదు. 

"అయిపోయింది" అన్నాడు సీతారాములు. ముఖం తుడుచుకున్నాడు. లక్ష్మీనర్సమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది, బరువు దించుకున్నట్టు. నేనూ ఊపిరి వదిలాను.

జంగయ్య మాత్రం లేవలేదు. గుంటవైపు చేతులు జోడించాడు. "ఇగ నీ వంతు పెద్దమనిషీ" అన్నాడు.

"ఏం వంతు?" అన్నాడు సీతారాములు.

"మా కాడ రివాజు గదే కదయ్యా. ఊ కొట్టేటోడు ఉత్తోడు కాదు, వాడు గూడ కతలోడే. నీది అయిపోతే వాడెత్తుకుంటడు, నువ్వు ఊ కొట్టాలె. నిన్న మా తమ్ముడు కొట్టిండు, ఇయ్యాల వాని వంతు, నేను కొడ్త. గది తెల్వకుంటనే ఏడేండ్లు ఊ కొట్టించుకున్నవా?"

పొయ్యి దగ్గర లక్ష్మీనర్సమ్మ చేయి ఆగిపోవడం చూశాను. జంగయ్య తలపాగా చుట్టుకొని వెళ్ళిపోయాడు. నేను ఆ సాయంత్రం బస్సుకే బయలుదేరాను. ముసలాయన మాటలకు నవ్వుకుంటూ వచ్చానని రాసుకోవచ్చు, కాని నవ్వలేదు.

అచ్చు కావడానికి ఏడాదిన్నర పట్టింది. అయిదువందల ప్రతులు. పాలమూరు నుంచి ఇద్దరు, వనపర్తి నుంచి ఒకరు ఆయనను కలవాలని ఉత్తరాలు రాశారు. ముగ్గురూ కథలు రాసేవాళ్ళే. ఆ ఉత్తరాలూ పది పుస్తకాలూ పట్టుకొని అరవై నాలుగు మాఘంలో మళ్ళీ వెళ్ళాను. నేను రాసిన ఏ ఉత్తరానికీ ఆయన జవాబు రాయలేదు.

గడపలోనే లక్ష్మీనర్సమ్మ వేలు పెదవుల మీద పెట్టింది. సగానికి సగం అయిపోయింది మనిషి.

సీతారాములు మగ్గం మీద ఉన్నాడు. చేతిలోంచి నాడె పడుగు మధ్య అటూ ఇటూ ఆడుతోంది, నెమ్మదిగా. తల గుంటవైపు వంచి ఉన్నాడు. ఉండి ఉండి "ఊ" అంటున్నాడు. ఇంకే గొంతూ లేదు. నాకేమీ వినబడలేదు. వీధిలో గంజి పెడుతున్న ఆడవాళ్ళ మాటలు, మగ్గం చప్పుడు, ఆయన ఊ.

పుస్తకం ముందు పెట్టాను. అట్ట మీద ఆయన పేరు పెద్దక్షరాల్లో ఉంది. తెలుగు అక్షరాలు. చూడలేదు.

"జర ఆగు లింగస్వామీ" అన్నాడు. "మంచి కాడ ఉన్నది. ఊ."

లక్ష్మీనర్సమ్మ నా చెవి దగ్గర గుసగుసగా చెప్పింది. "పోయిన వానకాలం జరమొచ్చి మూడు దినాలు మగ్గమెక్కలే. ఊ అననందుకు మళ్ల మొదటికెల్లి ఎత్తుకున్నదట. అప్పటిదాక చెప్పిన కత. అంతా మళ్ల విన్నడు. ఇప్పుడు ఆఖరుకొచ్చిందంటుండు. ఇంక నాలుగు దినాలల్ల అయిపోతది అంటుండు బిడ్డా."

"ఏం కథ?"

"చెప్పడు. వింటుండంతే."

అప్పుడు ఆయనకు దగ్గొచ్చింది. ముందు చిన్నగా, తరువాత ఒళ్ళంతా వంగిపోయేలా. నాడె జారి గుంటలో పడింది. చేయి గాలిలో ఆడించాడు, నోరు తెరిచాడు, ఊపిరి తప్ప ఏదీ రాలేదు. మగ్గం ఆగింది. వీధిలో మాటలూ ఆగినట్టనిపించింది. గుంటలో ఎవరో వాక్యం చెప్పి ఎదురుచూస్తున్న నిశ్శబ్దం. అది ఎలా తెలిసిందని నన్నడగొద్దు, తెలిసింది.

లక్ష్మీనర్సమ్మ నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి. "అను బిడ్డా, అనకుంటే మళ్ల మొదటికి పోతది. నా గొంతు అది ఒప్పుకుంటలేదు. అను!"

"ఊ" అన్నాను.