ఎండలో తిరిగే ఉత్తరాలమ్మకు ఎముకల నొప్పి

వీధివీధీ తిరిగి ఉత్తరాలు పంచే ఆవిడను అందరూ ఉత్తరాలమ్మ అనేవారు. నలభై రెండేళ్ళ మనిషి. గుమ్మంలోకి ఆవిడ కన్నా ముందు ఆవిడ నవ్వు వచ్చేది. అలాంటిది, ఆ ఏడాది మెట్లెక్కాలంటే ప్రాణం మీదికొచ్చేది. తొడలు లాగేవి, తుంట్లు సలిపేవి. కింద కూర్చుంటే ఏదో ఒకటి పట్టుకోనిదే లేవలేకపోయేది. “వదినా, బాతులా నడుస్తున్నావే!” అని ఆడపడుచు ఏడిపించింది. పెదవుల చుట్టూ చీమలు పాకుతున్నట్టుందని ఉత్తరాలమ్మ చెప్పిన రోజున మాత్రం వేళాకోళం మాని, చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి లాక్కుపోయింది.

డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం తిరగేసింది.

“ఎముకల్లో తేడా వస్తే పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ బాగా పెరిగింది. కాల్షియమేమో తగ్గింది. ఈ రెండూ కలిసొస్తే ముందు అనుమానం విటమిన్ డి మీదే. ఒంటికి ఎండ తగులుతుందా?”

ఆడపడుచు పకాలున నవ్వింది. “ఎండ పొద్దున్నే లేచి మా వదిన వెనకాలే బయల్దేరుతుందండీ!”

డాక్టరమ్మకూ నవ్వాగలేదు. “సరే, మూత్రపిండాలు దెబ్బతిన్నా ఇలా ఉండొచ్చు. తిన్నది పేగుల్లో ఒంటబట్టకపోయినా రావచ్చు. అన్నీ చూద్దాం.”

వారం తిరిగేసరికి మూత్రపిండాలు, కాలేయం, పేగులు అన్నీ భేషుగ్గా ఉన్నాయని తేలింది. విటమిన్ డి మాత్రం అడుగంటిపోయింది.

“రోజూ వేసుకునే మాత్రలేమైనా ఉన్నాయా?”

“లేవండీ,” అంది ఉత్తరాలమ్మ, అడిగినంతసేపు కూడా పట్టకుండా.

డాక్టరమ్మ ఆడపడుచును కాసేపు బయట కూర్చోమని పంపి, అదే ప్రశ్న మళ్ళీ నెమ్మదిగా అడిగింది. ఉత్తరాలమ్మ సంచీ అడుగునుంచి దగ్గుబిళ్ళల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. అందులో ఉన్నవి ఫిట్స్ మాత్రలు. పన్నెండో ఏట మొదలుపెట్టినవి. పదహారో ఏట తర్వాత ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు, మాత్ర ఒక్కరోజూ మానలేదు. పెళ్ళికి ముందు అమ్మ, “ఎవరికీ చెప్పకే తల్లీ,” అని చేతిలో చెయ్యి వేయించుకుంది.

“దొరికాడు దొంగ!” అంది డాక్టరమ్మ. “ఈ పాతరకం మాత్రలు ఏళ్ళతరబడి వాడితే, కొందరికి కాలేయం విటమిన్ డిని గబగబా ఖర్చు పెట్టేస్తుంది. అది లేకపోతే కాల్షియం ఒంటబట్టదు, ఎముక మెత్తబడుతుంది. డి, కాల్షియం నేను రాస్తాను. కానీ ఫిట్స్ మాత్ర మీ అంతట మీరు ఆపారో, ఊరుకోను! నరాల డాక్టరుగారు మెల్లమెల్లగా వేరేదానికి మారుస్తారు.”

ఇంటికొచ్చేసరికి, తాళాలు బాగుచేసే భర్త వరండాలో కూర్చుని తాళంచెవి అరగదీస్తున్నాడు.

“ఏమండీ, మీకొకటి చెప్పాలి.”

“దగ్గుబిళ్ళల గురించేనా?”

ఆవిడ సంచీలోంచి డబ్బా తీసి ఆయన ముందు పెట్టింది.

“పెళ్ళయిన నెలకే తెలుసు. దగ్గొచ్చి ఒకటి నోట్లో వేసుకున్నాను. చేదు విషం! మందుల షాపులో చూపించి అడిగాను.”

“మరి ఇన్నేళ్ళూ ఒక్కమాట అనలేదేం?”

“నువ్వే చెప్తావని చూశాను. పద్దెనిమిదేళ్ళు పట్టింది, అంతే!”

ఆవిడకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. లోపలినుంచి ఆడపడుచు, “నాకెవరూ ఏమీ చెప్పరు!” అని అరిచింది. ఆ రోజు అన్నం చల్లారిపోయినా ముగ్గురూ కబుర్లు ఆపలేదు.

ఆరు నెలల్లో కాల్షియం దారిన పడింది, ఫాస్ఫటేజ్ సగానికి దిగింది. మాత్రల సంగతి ఆవిడ ఇప్పుడు ఎవరి దగ్గరా దాచడం లేదు. ఒకరోజు ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే పెద్దాయన ఆవిణ్ణి పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

“అమ్మా, మా అమ్మాయి కూడా ఆ మాత్రలే... ఎవరికీ తెలీదు.”

“గుసగుసలెందుకు బాబాయ్? అదేమన్నా దొంగసొత్తా?” అంటూ ఆయనకు కుర్చీ లాగి, తనూ ఎదురుగా కూర్చుని, ఏ పరీక్షలు అడగాలో కాగితం మీద పెద్దపెద్ద అక్షరాలతో రాసిచ్చింది.